మండే చర్మానికి ఇంట్లో ఏది రాయాలి? కొబ్బరి నూనె నుంచి కాలమైన్ దాకా ఒక పోలిక

శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా ఏ ఇంటి అల్మరా తెరిచినా చర్మానికి రాసుకునేవి అయిదారు కనిపిస్తాయి. కొబ్బరి నూనె సీసా, పెట్రోలియం జెల్లీ డబ్బా, గులాబీ రంగు కాలమైన్ లోషన్, సున్నిపిండి, ఎప్పుడో మందుల షాపులో కొని సగం వాడి వదిలేసిన ట్యూబు. ఒళ్లు ఎర్రగా రేగి దురద మొదలైతే నాయనమ్మ పసుపు అంటుంది, అత్తగారు వేపాకు అంటారు, పక్కింటివాళ్లు ఆ ట్యూబే రాయమంటారు. ఎవరి మాటా కాదనలేక చాలామంది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాస్తారు. రేగిన చర్మం అలాంటి సమయంలోనే కొత్త వస్తువును తట్టుకోలేదు. వీటిలో చాలావాటికి తగిన చోటు, తగిన కాలం ఉన్నాయి. అవి తప్పితే మేలు చేసేదే మంట పెడుతుంది.

అసలు ఇది ఇంట్లో చూసుకునేదేనా?

నూనెకూ క్రీముకూ లొంగనివి కొన్ని ఉన్నాయి. వాటిని ముందే పక్కన పెట్టాలి.

రాత్రి పడుకోగానే దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న పొక్కులు ఉండి, ఇంట్లో ఇంకొకరికి కూడా అదే ఉంటే అది గజ్జి కావచ్చు. గజ్జి పురుగు వల్ల వస్తుంది. డాక్టరు రాసిన పెర్మెత్రిన్ లాంటి మందును ఇంటిల్లిపాదీ ఒకేసారి వాడాలి. దురద ఉన్న ఒక్కరే వాడితే మళ్లీ అంటుకుంటుంది. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో తేటపడుతూ పెరిగే మచ్చ తామర. అది శిలీంధ్రం. చీము పట్టడం, పసుపు పచ్చ పెచ్చులు కట్టడం, జ్వరం రావడం, పెదవులు, కనురెప్పలు వాయడం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం వద్దు. ఊపిరి ఆడకపోతే క్షణం కూడా ఆగకూడదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఇంకొకటి ఉంది. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పీడిస్తోందో అందరికీ తెలుసు. ఆ జబ్బు ముదిరినప్పుడు పైకి దద్దుర్లేమీ లేకుండానే ఒళ్లంతా దురద పెడుతుంది, చర్మం బిరుసెక్కుతుంది. అటు వైపు వారికి కారణం తెలియని దురద వారాల తరబడి ఉంటే, ఏ నూనె రాయాలి అని ఆలోచించే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోవాలి. నడివయసు దాటినవారు దీన్ని అసలు వాయిదా వేయకూడదు.

ఇవేవీ కాక చర్మం పొడిబారి, ఎర్రబడి, సబ్బుకో బట్టకో ఎండకో రేగుతోందంటే, ఇక మన చేతిలో ఉన్నదే.

దేన్ని చూసి ఎంచుకోవాలి

మన చర్మం పైపొర మట్టి గోడ మీద అలుకు లాంటిది. అది నిండుగా ఉన్నంతకాలం లోపలి తేమ బయటికి పోదు, బయటి మురికీ మందూ లోపలికి దిగవు. సున్నిత చర్మంలో ఆ అలుకు అక్కడక్కడా రాలిపోయి ఉంటుంది. అందుకే మామూలు చర్మానికి ఏమీ చేయని సువాసన సబ్బు కూడా వీరికి చురుక్కుమంటుంది.

కాబట్టి రాసే వస్తువు మొదట కొత్త మంట పుట్టించకూడదు. సువాసన, రంగు, కర్పూరం, పుదీనా పువ్వు, నిమ్మ ఉన్నవన్నీ ఈ ఒక్క కారణంతోనే పక్కకు పోతాయి. ఇది అన్నిటికంటే పెద్ద కొలత. తరువాత అది తేమను నిలబెడుతుందా, ఆర్చేస్తుందా అన్నది చూడాలి. పొడిబారిన చర్మానికి నిలబెట్టేది కావాలి, చెమటకాయలకు ఆర్చేది కావాలి. ఒకదాని మందు ఇంకొకదానికి రాస్తే రెండూ ముదురుతాయి. మూడోది మన ఉక్కపోత. ఏప్రిల్ నుంచి వానలు తగ్గేదాకా కళింగపట్నం, భావనపాడు, భోగాపురం తీరంలో ఒళ్లు ఆరనే ఆరదు. అదే పుష్యమాసంలో సాలూరు, సీతంపేట కొండగాలికి కాళ్లు తెల్లగా పొలుసులు రేగుతాయి. ఏ ఊరికో రాసిన సలహా ఇక్కడ ఏడాది పొడవునా ఒకేలా చెల్లదు. చివరిది ఖర్చు. ఒళ్లంతా పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే ఎగ్జిమాకు దగ్గరగా రేగే పెద్దవారికి వారానికి 250 గ్రాములు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే క్రీము పడుతుంది. చిన్న ట్యూబును అపురూపంగా చుక్కలు చుక్కలుగా రాసేకంటే, చవకైనదాన్ని ధారాళంగా రాయడం మేలు.

స్నానం: సబ్బా, సున్నిపిండా, సిండెట్టా?

రాసేదానికంటే కడిగేది ఎక్కువ హాని చేస్తుంది. చర్మం సహజంగా కొద్దిపాటి ఆమ్ల గుణంతో, పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. మామూలు సబ్బు 9 నుంచి 10. సబ్బు మురికితోపాటు అలుకునూ కడిగేస్తుంది.

సబ్బు కొనేటప్పుడు చాలామంది కొవ్వు పదార్థం శాతం చూస్తారు. 76 శాతం ఉంటే మొదటి రకం సబ్బు అన్నది నిజమే. 40 శాతం ఉన్న స్నానపు బార్ కంటే అది నెమ్మదిగా కరుగుతుంది, కొంత మృదువుగానూ ఉంటుంది. కానీ ఎంత మంచి సబ్బయినా క్షార గుణం పోదు. ఆ అంకె చూసి సున్నిత చర్మానికి సరిపోతుందనుకోవడం పొరపాటు.

సిండెట్ అంటే సబ్బు కాని సబ్బు. చూడటానికి బిళ్లలాగే ఉంటుంది. వెనక ముద్రించిన పదార్థాల్లో మొదట్లోనే సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అన్న పేరు ఉంటే అదే. పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉంటుంది. ఖరీదు ఎక్కువ, నీళ్లలో నానితే త్వరగా కరిగిపోతుంది. దానికి నా సలహా ఒకటే: ఒళ్లంతా రుద్దకండి. చంకలు, గజ్జలు, పాదాలకు మాత్రం వాడి, మిగతా ఒంటికి మంచినీళ్లు పోసుకుంటే చాలు. ఇంట్లో ఒక్కరికి ఒక్క బిళ్ల చాలాకాలం వస్తుంది.

సున్నిపిండి విషయంలో నాది మధ్యేమార్గం. పెసరపిండి, శనగపిండి జిడ్డు పీలుస్తాయి, సబ్బంత క్షారం కాదు. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి భోగినాడు నూనె రాసి నలుగు పెట్టుకోవడం హాయిగానే ఉంటుంది. రేగిన చర్మానికి మాత్రం ఆ గరుకే శత్రువు. నలుగుకు రుద్దుడే ప్రాణం, ఈ చర్మానికి రుద్దుడే పడదు. అందులో కచ్చూరాలు, బావంచాలు, ఎండిన నిమ్మతొక్క కలిపితే ఇంకా ప్రమాదం. నిమ్మ, బావంచాలు రెండూ ఎండ తగిలినప్పుడు చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు మిగిల్చే గుణం ఉన్నవి. పసిపిల్లలకు దురద ఉన్నన్నాళ్లు నలుగు ఆపండి. నాయనమ్మకు బాధ కలగకుండా చెప్పాలంటే, చర్మం మానాక మళ్లీ పెడదామంటే సరిపోతుంది.

నీళ్లు గోరువెచ్చగా, స్నానం 5 నుంచి 10 నిమిషాలు. బోరు నీరు ఉప్పగా ఉండి నురగ రాని చోట సబ్బు మరింత రుద్దుతారు, అది తెల్లటి తెట్టులా ఒంటికి అంటుకుని దురద పెంచుతుంది. అక్కడ సిండెట్ తేడా బాగా తెలుస్తుంది. స్నానపు నీళ్లలో యాంటీసెప్టిక్ ద్రవం మూతలు మూతలు పోయడం మానేయండి.

రాసేవి

*పెట్రోలియం జెల్లీ.* నా లెక్కలో పొడిబారిన, పగిలిన చర్మానికి దీన్ని మించింది లేదు. సువాసన లేని తెల్లటిది తీసుకోవాలి. ఇది తేమ ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. కాబట్టి ఎండిన చర్మం మీద రాస్తే జిడ్డు తప్ప ఫలితం తక్కువ. స్నానం అయ్యాక తువ్వాలుతో తుడవకుండా అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, 3 నిమిషాల్లోపు రాయాలి. అరచేతిలో కొద్దిగా తీసుకుని రెండు చేతులూ కలిపి వేడెక్కనిస్తే నూనెలా పలచబడుతుంది. అప్పుడు వెంట్రుకలు పెరిగే దిశలో పైనుంచి కిందికి నిమిరితే చాలు. అడ్డంగా మర్దన చేస్తే వెంట్రుకల కుదుళ్లు మూసుకుని సెగ్గడ్డలు లేస్తాయి. లోపం ఏమిటంటే మే నెల ఉక్కలో ఒళ్లంతా రాసుకుని ఉండలేరు. ఎండాకాలం చేతులు, మడమలు, పెదవులకే పరిమితం చేసుకోవాలి. ఇది ఇంకిన బట్ట త్వరగా అంటుకుంటుంది, కాబట్టి పొయ్యి దగ్గర జాగ్రత్త.

*కొబ్బరి నూనె.* ఉద్దానం కొబ్బరికి పుట్టిల్లు, నూనెకు కొదవలేదు. వేడి చేయకుండా తీసిన వర్జిన్ కొబ్బరి నూనె పొడి చర్మానికి మేలు చేస్తుందని పరీక్షల్లోనూ తేలింది. పిల్లల కాళ్లూ చేతులకు, పెద్దవారి పొలుసుల పిక్కలకు చలికాలంలో మంచి ఎంపిక. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం పనికిరాదు. ముక్కు పక్కలా, కనుబొమల్లో, తలలో పసుపు పచ్చ పొలుసులతో రేగే చుండ్రు రకం వారికి కూడా వద్దు, దాన్ని రేపే శిలీంధ్రం నూనె మీదే బతుకుతుంది. ఇందులో కర్పూరం కలిపి రాసే అలవాటు మన దగ్గర ఎక్కువ. కాసేపు చల్లగా అనిపించి దురద మరిచిపోతాం గానీ చిట్లిన చర్మానికి అది మంట. పసిపిల్లలకు కర్పూరం ఒంట్లోకి వెళితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పిల్లల నూనెలో అది అసలు పడకూడదు.

ఆరోగ్యానికి మంచిదని ఆలివ్ నూనె కొని రాసేవారికి ఒక మాట. అందులో ఎక్కువగా ఉండే ఒలీయిక్ ఆమ్లం చర్మం పైపొరను వదులు చేస్తుంది. వంటకు వాడండి.

*సువాసన లేని మాయిశ్చరైజర్ క్రీము.* గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మం పైపొరలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్నవి తేమను లాగి పట్టుకుంటాయి, జిడ్డు తక్కువ. ఉక్కపోత రోజుల్లో, ముఖానికి, ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవారికి ఇదే సరైనది. సీసాలోని పలచటి లోషన్ కంటే డబ్బాలోని చిక్కటి క్రీము ఎక్కువసేపు నిలుస్తుంది. యూరియా ఉన్నవి మడమల పగుళ్లకు బాగుంటాయి, ఎర్రగా రేగిన చోట చురుక్కుమంటాయి. ముఖ్యమైన చిక్కు ఖర్చే. డబ్బులు చూసుకోవలసిన ఇంట్లో ముఖానికి, మెడకు క్రీము, మిగతా ఒంటికి జెల్లీ లేదా కొబ్బరి నూనె అని పంచుకోవచ్చు.

*కాలమైన్ లోషన్.* జింక్ ఆక్సైడు కలిసిన ఈ గులాబీ ద్రవం చల్లబరుస్తూ ఆర్చేస్తుంది. చెమటకాయలకు, దోమకాటుకు, దూలగొండి తగిలి పుట్టే దురదకు ఉపశమనం ఇస్తుంది. సీసా బాగా కుదిపి దూదితో అద్దాలి, రుద్దకూడదు. పొడి చర్మం మీద పూట పూటకూ రాస్తే అది ఇంకా బీటలు వారుతుంది, అక్కడే చాలామంది దెబ్బతింటారు. చెమటకాయలకు అసలు మందు చల్లగాలి, వదులు బట్టలే. పౌడరు చల్లితే చెమటకు ముద్దకట్టి మడతల్లో ఒరుసుకుంటుంది. పసిపిల్లల ముఖం దగ్గర పౌడరు దులపడం ఊపిరితిత్తులకు మంచిది కాదు.

*కలబంద, పసుపు, వేప.* కలబంద ఎండకు కమిలిన చర్మానికి చల్లగా ఉంటుంది. మట్ట కోయగానే కారే పసుపు పచ్చ జిగురు దురద పుట్టిస్తుంది. మట్టను నిలబెట్టి ఆ జిగురు కారిపోయాక, కడిగి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే వాడాలి. పసుపుకు, వేపకు మన ఇళ్లలో ఉన్న గౌరవం నాకూ ఉంది. అయినా రేగిన చర్మానికి ఈ రెండూ పూతలుగా వద్దంటాను. పసుపు కొందరికి అలర్జీ తెస్తుంది, బజారు పసుపులో కలిపే రంగులు సరేసరి. పైగా పసుపు రంగు కింద చర్మం ఎర్రబడిందో తగ్గిందో కనిపించదు.

| ఏది | ఎక్కడ నప్పుతుంది | ఉక్కపోతలో | ఎవరికి వద్దు |
|---|---|---|---|
| పెట్రోలియం జెల్లీ | పగిలిన చేతులు, మడమలు, చలికాలపు పొడిబారడం | చేతులు, పాదాలకే | చెమటకాయలు, మొటిమలు ఉన్నచోట |
| కొబ్బరి నూనె | పిల్లల, పెద్దవారి కాళ్లు చేతులు | పలచగా, రాత్రిపూట | మొటిమల ముఖం, చుండ్రు రకం పొలుసులు |
| సువాసన లేని క్రీము | ముఖం, మెడ, ఏడాది పొడవునా | బాగుంటుంది | యూరియా ఉంటే రేగిన చోట వద్దు |
| కాలమైన్ | చెమటకాయలు, పురుగు కాటు | బాగుంటుంది | పొడిబారి పగిలిన చర్మం |
| కలబంద గుజ్జు | ఎండకు కమిలిన చోట | బాగుంటుంది | చిట్లిన చోట, జిగురు పడనివారికి |

ఆ సగం వాడిన ట్యూబు సంగతి

పోలికలో దీన్ని చేర్చలేదు, ఎందుకంటే ఇది ఇంటి ఎంపిక కాకూడదు. ట్యూబు వెలుతురులో పెట్టి సన్నటి అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడు. అంచున నిలువు ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అని అర్థం. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడు పూతలను ఈ జాబితాలోకి తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చే కౌంటర్లు ఇంకా ఉన్నాయి.

దీని మాయ ఏమిటంటే రాసిన రెండు రోజులకే దురద పోతుంది. తామర మీద రాస్తే ఎరుపు తగ్గుతుంది గానీ శిలీంధ్రం లోలోపల పాకి, అంచులు చెదిరి, డాక్టరు కూడా పోల్చుకోలేని రూపానికి వస్తుంది. తొడల సందుల్లో నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పోవు. ముఖానికి తెలుపు కోసం రాసేవారికి మానగానే ముఖం ఎర్రగా మండుతుంది, ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తారు. అలాగని స్టెరాయిడు అంటేనే పారిపోవలసిన పని లేదు. ఎగ్జిమా బాగా రేగినప్పుడు డాక్టరు చెప్పిన బలంతో, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే అది సరైన మందే.

మీ పనిని బట్టి

పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టేవారి వేళ్లు చూస్తే సమస్య అర్థమవుతుంది. కొనలు నల్లబడి, తోలు పొరలుగా ఊడి ఉంటాయి. పిక్క పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వీరికి పని తరువాత రాసేదానికంటే పనికి ముందు వేసుకునే అడ్డు ముఖ్యం. లోపల నూలు చేతితొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకుంటే అన్నిటికన్నా నయం. అది కుదరనివారు ఆముదం పట్టించి పని చేయడం తెలివైన అలవాటే. పని అయ్యాక చేతులు కడిగి, చెమ్మ మీదే జెల్లీ రాయాలి. జీడిమామిడి, మామిడి, నల్లజీడి ఒకే కుటుంబపు చెట్లు. జీడి నూనెకు రేగే చర్మం మామిడికాయ సొనకూ, చాకిరేవు గుర్తుకు వాడే నల్లజీడికీ రేగవచ్చు. మామిడి తోటల్లో పనిచేసేవారూ, ఆవకాయ కాయలు కడిగేవారూ సొనను ముఖానికి తగలనీయకండి.

నాట్లు వేసేవారికి కాలి వేళ్ల సందులు నాని పాచిపోతాయి. అక్కడ జెల్లీ, నూనె వద్దు. కడిగి, పొడిగా తుడిచి, గాలికి ఆరనివ్వాలి. తగ్గకపోతే శిలీంధ్రానికి మందు అడగాలి. పొలం గట్టున వయ్యారిభామ ఎక్కువగా ఉండి, ముఖం, మెడ, మోచేతుల మడతలు మాత్రమే ఎర్రబడుతుంటే అనుమానించవలసింది ఆ మొక్కను. ఏ క్రీము రాసినా దాని గాలి సోకుతున్నంతకాలం తగ్గదు. అంట్లు, బట్టల పొడితో చేతులు పగిలే ఇల్లాళ్లకు తొడుగూ, జెల్లీ డబ్బా కుళాయి పక్కనే ఉండటమూ కావాలి. చేయి కడిగిన ప్రతిసారీ రాయాలి, అల్మరాలో ఉంటే ఎవరూ లేచి వెళ్లి రాయరు.

పసిపిల్లలకు తక్కువ వస్తువులే మేలు. గోరువెచ్చటి నీళ్లు, కొబ్బరి నూనె లేదా జెల్లీ, అంతే. పెద్దవారికి చలికాలంలో రోజుకు రెండుసార్లు జెల్లీ, సబ్బు సగానికి సగం తగ్గింపు.

బట్టల విషయానికి వస్తే నూలుకు సాటి లేదు, ఆ సంగతి పొందూరు ఉన్న జిల్లాకు చెప్పనవసరం లేదు. కాకపోతే గంజి పెట్టిన కొత్త బట్ట ఎంత సన్నటి నేతయినా మెడను ఒరుస్తుంది. రెండు మూడు ఉతుకుల తరువాత తొడుక్కోండి. బట్టల పొడి మిగలకుండా మరోసారి మంచినీళ్లలో జాడించడం కొత్త క్రీము కొనడం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎంచుకున్నాక

కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు రాస్తూ 7 నుంచి 10 రోజులు చూడండి. ఎరుపు, దురద రాకపోతే మిగతా చోట రాయవచ్చు. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే పడనిది ఏదో తెలియదు.

రెండు వారాలు ఓపికగా చేసినా తగ్గకపోయినా, దురద నిద్ర చెడగొడుతున్నా చర్మ వైద్యులను కలవండి. రిమ్స్‌గా పిలిచే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, నెల్లిమర్ల మిమ్స్ లాంటి బోధనాసుపత్రుల్లో చర్మ విభాగాలు ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు అనుమానం ఉంటే పలాసలోని కిడ్నీ ఆసుపత్రి దగ్గర. వెళ్లేటప్పుడు ఇంతవరకూ ఒంటికి రాసినవన్నీ, ఆ సగం వాడిన ట్యూబుతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. దద్దుర్లు బాగా రేగినప్పుడు ఫోనులో తీసిన ఫొటో కూడా చూపించండి, డాక్టరు దగ్గరికి చేరే రోజుకు అవి తగ్గి ఉండవచ్చు. చూపించుకునే రోజు పొద్దున ఆ చోట ఏమీ రాయకండి.